ఇంట్లో రెండో కారుగా పాత ఈవీ (ఎలక్ట్రిక్ కారు): ఈ మూడింట్లో ఏది, చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం కొలవాలి?

రెండోతాళం (ప్రశ్న):

ఇంట్లో ఒక పెట్రోలు కారు ఉంది, దూరప్రయాణాలన్నీ దాని మీదే. రెండోది రోజువారీ తిరుగుడుకి మాత్రమే. పిల్లల్ని బడి దగ్గర దింపి ఆఫీసుకెళ్లి రావడానికి 45 కిలోమీటర్లు. వారంలో ఒకరోజు 70 అవుతుంది, అందులో సగం హైవే. పార్కింగ్‌లో 16 ఆంపియర్ల సాకెట్ ఉంది, గోడకు పెద్ద ఛార్జర్ పెట్టించే ఆలోచన ఇప్పుడైతే లేదు. వెనక రెండు చైల్డ్ సీట్లు పట్టాలి.

చూసినవి ఇవి. ఒకటి, 2018 నిస్సాన్ లీఫ్, 40 కిలోవాట్ అవర్ బ్యాటరీ, 78 వేల కిలోమీటర్లు తిరిగింది, డ్యాష్‌లో బ్యాటరీ గీతలు 12కి 11. రెండు, 2015 లీఫ్, 24 బ్యాటరీ, 9 గీతలు. మొదటిదాంట్లో సగం ధరకే వస్తోంది. మూడు, 2017 రెనో జోయీ, 41 బ్యాటరీ. అమ్మేవాళ్లు ముగ్గురూ "ఫుల్ ఛార్జ్‌లో ఇంత చూపిస్తోంది" అని రేంజ్ ఫొటో పంపారు. ఆ అంకె నమ్మొచ్చా? గంట సేపు బండి చేతికిస్తే బ్యాటరీ సంగతి ఎలా తేల్చుకోవాలి?

గీతలలెక్క:

రేంజ్ ఫొటోని పక్కన పెట్టేయండి. ఆ అంకె బ్యాటరీని కొలిచి చెప్పేది కాదు, ఈమధ్య బండి ఎలా నడిచిందో చూసి వేసే అంచనా. నాలుగు రోజులు 30 స్పీడులో ఏసీ కట్టేసి తిప్పితే అరిగిపోయిన బ్యాటరీ కూడా ఘనంగా చూపిస్తుంది. ప్రకటనల్లో రాసే కంపెనీ రేంజ్ కూడా అంతే. 2018కి ముందు బండ్లకు యూరప్‌లో ఎన్‌ఈడీసీ అనే పాత పద్ధతి లెక్క ఉండేది, అది బాగా ఉదారం. తర్వాత వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ కాస్త నయం, అమెరికా ఈపీఏ లెక్క ఇంకా దగ్గర. ఒక బండిది ఎన్‌ఈడీసీ, ఇంకోదానిది ఈపీఏ పెట్టుకుని పోల్చి మోసపోయేవాళ్లు చాలామంది.

కాబట్టి యూనిట్లలో ఆలోచించండి. ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్. ఈ సైజు కార్లు ఊళ్లో, మంచి వాతావరణంలో 100 కిలోమీటర్లకు 15 యూనిట్ల దాకా తింటాయి. హైవే మీద గాని, చలికి హీటర్ వేస్తే గాని 20 అనుకోండి. లెక్కెప్పుడూ 20తోనే వేసుకోవాలి. పైగా బ్యాటరీని రోజూ సున్నా నుంచి నూరు దాకా వాడరు. 15 శాతానికి దిగకుండా, 90 దాటకుండా వాడితే చేతికొచ్చేది 75 శాతం.

ఇప్పుడు మీ రెండో నంబరు బండి. లీఫ్‌లో మొదటి గీత పోవాలంటే దాదాపు 15 శాతం తరుగు రావాలి, ఆ తర్వాత ఒక్కో గీతకూ 6 శాతం పైచిలుకు. అంటే 9 గీతల బండికి ఆరోగ్యం, అదే కొత్తప్పటి సామర్థ్యంలో ఇంకా మిగిలింది, 66 నుంచి 72 శాతం మధ్య ఎక్కడో ఉంటుంది. కొత్తలోనే ఆ బ్యాటరీలో వాడుకోడానికి దొరికేది 21 యూనిట్ల చిల్లర. ఇప్పుడు 15 ఉంటే గొప్ప. అందులో 75 శాతం 11. 20 చొప్పున భాగిస్తే 55 కిలోమీటర్లు. మీ 45కి సరిపోతుంది, వారానికోసారి వచ్చే 70కి చాలదు. ఇంకో రెండేళ్లకు 45కీ కటకటే.

మొదటి బండి చూడండి. 11 గీతలంటే 79 నుంచి 85 మధ్య. వాడుకోడానికి 30 యూనిట్లు మిగిలి ఉంటాయి, 75 శాతం తీస్తే 22. 20 చొప్పున భాగిస్తే 110 కిలోమీటర్లు. మీ అవసరానికి ఒకటిన్నర రెట్లు. రెండో కారుకి ఇంతకంటే రేంజ్ కొనుక్కోవడం దండగ, ఆ డబ్బు తక్కువ తరుగున్న బండి మీద పెట్టడం మేలు.

40 లీఫ్‌కి రెండు చెడ్డపేర్లున్నాయి. బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేకపోవడంతో ఒకే రోజు రెండు మూడుసార్లు ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే వేడెక్కి ఛార్జింగ్ వేగం పడిపోతుంది. రెండోది, దీని ఫాస్ట్ ఛార్జింగ్ సాకెట్ చాడెమో అనే రకం, సీసీఎస్ అనే వేరే రకం సాకెట్ వచ్చాక కొత్త స్టేషన్లలో అది తగ్గుతోంది. రెండూ దూరప్రయాణం చేసేవాళ్ల బాధలు. ఇంట్లో రాత్రి ప్లగ్గు పెట్టే రెండో కారుకి అడ్డం రావు, ధర తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తాయి.

నిదానమే_నయం:

24 లీఫ్‌ని అంత తేలిగ్గా తీసేయనక్కర్లేదు. ఆఫీసులో మామూలు ప్లగ్ పాయింట్ ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. 10 ఆంపియర్లతో ఎనిమిది గంటలు పెడితే సాయంత్రానికి ట్యాంకు నిండినట్టే. హైవే మీద 100 బదులు 80లో పోతే 20 యూనిట్లు 15కి దిగుతాయి. ఆ 70 కిలోమీటర్ల రోజున పెట్రోలు కారు తీసుకెళ్లొచ్చు కదా, రెండు బండ్లు ఉన్నదే అందుకు.

ఒక్క హెచ్చరిక. 24 లీఫ్‌లో గీతల్ని నమ్మొద్దు. బ్యాటరీ కంప్యూటర్‌ని రీసెట్ చేస్తే పోయిన గీతలన్నీ తిరిగొచ్చేస్తాయి, కొన్ని వారాలు నడిచాక మళ్లీ ఒక్కొక్కటే రాలతాయి. అమ్మే ముందు చేసే పని ఇది. పాత బండికి 12కి 12 గీతలుంటే సంతోషించకుండా అనుమానించండి. 9 గీతలున్న బండి కనీసం నిజం చెబుతోంది.

పానాసెట్టు:

ఆఫీసు ప్లగ్గు రేపు తీసేస్తే? ఉద్యోగం మారితే? బండి అవసరాన్ని ఇంటి సాకెట్‌తోనే తేల్చుకోవాలి. 24కి నా ఓటు లేదు. ఇక అసలు అడిగింది, గంటలో ఏం చూడాలన్నది.

ముందు అమ్మేవాళ్లకు ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి: బండిని 100కి ఛార్జ్ చేసి పెట్టొద్దు, 25 శాతం దగ్గర ఉంచండి. బలహీనమైన సెల్ నిండుగా ఉన్నప్పుడు బయటపడదు, కిందికొచ్చినప్పుడే దొరుకుతుంది.

బండి కంప్యూటర్‌లోని డేటాని ఫోన్‌కి పంపే ఓబీడీ బ్లూటూత్ డాంగిల్ ఒకటి కొనుక్కోండి, ఈఎల్‌ఎం327 రకం. లీఫ్‌కి లీఫ్‌స్పై యాప్, జోయీకి కాన్‌జీ యాప్. లీఫ్‌స్పైలో ఎస్‌ఓహెచ్ అనే అంకె ఆరోగ్యం. కాని దాని దగ్గరే ఆగిపోకండి, రీసెట్ చేసిన బండిలో అదీ అబద్ధమే. పక్క స్క్రీన్‌లో 96 నిలువు గీతలు కనిపిస్తాయి, వరుసలో ఉన్న 96 సెల్ జతల వోల్టేజీలు అవి. అన్నీ ఒకే ఎత్తులో, దువ్వెన పళ్లలా ఉండాలి. పెద్ద సెల్‌కీ చిన్న సెల్‌కీ తేడా 20, 30 మిల్లీవోల్టులైతే హాయి. 20 శాతం ఛార్జ్ దగ్గర 50 వచ్చినా కంగారు లేదు. ఒక్క గీత మాత్రమే పన్ను విరిగినట్టు 100 మిల్లీవోల్టులకు మించి కిందుంటే ఆ సెల్ పోతోంది. అప్పుడు డ్రైవింగ్ సీటు మీరే తీసుకుని, ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు స్క్రీన్ చూడాలి. లోడు పడగానే అదే గీత ధబేలున కుంగితే ఆ బండి వదిలేయండి. ఎస్‌ఓహెచ్ 85 ఉన్నా సరే, మొత్తం బ్యాటరీ ఆ ఒక్క సెల్ ఎక్కడ ఆగితే అక్కడే ఆగిపోతుంది.

ఇక లిఫ్ట్ మీదకు ఎక్కించాలి, పదినిమిషాల పని. బ్యాటరీ పెట్టె అడుగున గీతలు పర్వాలేదు, సొట్ట ఉంటే కాదు. తెలియనివాళ్లు జాకీని బ్యాటరీ కింద పెట్టి ఎత్తేస్తారు, ఆ గుండ్రటి సొట్ట చూడగానే తెలిసిపోతుంది. పెట్టె బోల్టుల తలల మీద పానా మెరుపులుంటే ఎప్పుడో దించారన్నమాట, ఎందుకో కాగితం అడగండి. నారింజ రంగు కేబుళ్లు హైవోల్టేజీవి, చేత్తో ముట్టొద్దు, టార్చి వేసి ఎలుక పళ్ల గుర్తులు వెతకండి. సీట్ల కింద కార్పెట్ ఎత్తి కనెక్టర్లకు పచ్చటి చిలుము గాని, సన్నటి ఒండ్రు గాని ఉందేమో చూడండి. ఉంటే నీళ్లలో మునిగిన బండి, ధర ఎంత తగ్గించినా వద్దు.

ఈవీలకు బ్రేకులు అరిగి పోవు, వాడక పోతాయి. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తుంది కనుక డిస్కులు తుప్పు పడతాయి, వెనక చక్రాల క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. రోడ్డు ఖాళీగా ఉన్నచోట 60లో న్యూట్రల్‌కి వేసి గట్టిగా బ్రేక్ తొక్కండి. న్యూట్రల్‌లో మోటారు సాయం ఉండదు, అసలు బ్రేకులు ఎంత పట్టుకుంటున్నాయో అప్పుడు తెలుస్తుంది. బరబరమంటే డిస్కు, ఒక పక్కకు లాగితే క్యాలిపర్. టైర్ల లోపలి అంచు కూడా వేళ్లతో తడమండి, ఈ బరువుకి సస్పెన్షన్ బుష్‌లు పోయి లోపలివైపు గుండుగా అరుగుతాయి.

ఏసీ తప్పకుండా వేసి చూడండి, అది చల్లదనానికి మాత్రమే కాదు. జోయీ లాంటి బండ్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఏసీయే. ఈవీ ఏసీ కంప్రెసర్ హైవోల్టేజీ మీద తిరుగుతుంది, దాంట్లో పీఓఈ రకం నూనె మాత్రమే పోయాలి. మామూలు ఏసీ మెకానిక్ అలవాటు కొద్దీ పీఏజీ నూనె ఎక్కిస్తే, అది కరెంటుని లీక్ చేస్తుంది. నెల తర్వాత ఇన్సులేషన్ ఫాల్ట్ అని వార్నింగ్ వచ్చి బండి కదలదు. "గ్యాస్ ఈమధ్యే పట్టించాం" అన్నారంటే ఎక్కడ పట్టించారో అడగండి.

రెండోతాళం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. 24 లీఫ్‌ని పక్కన పెట్టాను. మూడు సందేహాలు. జోయీ యజమాని డాంగిల్ పెట్టనివ్వనంటున్నారు, వారంటీ పోతుందట. కావాలంటే వాళ్లింటి 32 ఆంపియర్ల ఛార్జర్ మీద పూట మొత్తం పెట్టి చూసుకోండి అన్నారు. రెండోది, బ్యాటరీకి వేరే అగ్రిమెంట్ ఏదో ఉందన్నారు, అర్థం కాలేదు. మూడోది, మా 16 ఆంపియర్ల సాకెట్ రోజూ దీనికి తట్టుకుంటుందా?

గీతలలెక్క:

డాంగిల్‌తో డేటా చదివినంత మాత్రాన వారంటీ పోదు. అయినా పూటంతా ఛార్జర్ ఇస్తామన్నారంటే అది డాంగిల్ కంటే మంచి పరీక్ష. 20 శాతం నుంచి 90 దాకా ఎక్కించి, ఛార్జర్ మీటరులో ఎన్ని యూనిట్లు కాలాయో రాసుకోండి. 32 ఆంపియర్ల మీద పదింట ఒక వంతు వేడిగా పోతుందనుకోండి. ఉదాహరణకి మీటరు 27 చూపిస్తే బ్యాటరీలోకి చేరింది 24 పైచిలుకు. అది 70 శాతానికి, నూరు శాతానికి లెక్కేస్తే 35 దగ్గర. జోయీలో కొత్తప్పుడు 41, కాబట్టి ఆరోగ్యం 85 శాతం. ఐదు శాతం అటూ ఇటూ తప్పు పడొచ్చు, కాని ఏ రీసెట్టూ ఈ లెక్కను మార్చలేదు. గంటల తరబడి ఛార్జర్ పనితనం కూడా బయటపడుతుంది. మధ్యలో ఆగిపోతే, వేగం సగానికి పడితే బండిలోపలి ఛార్జర్ మీద కన్నేయండి. బ్యాటరీ తర్వాత ఖరీదైన రిపేర్లలో అదొకటి.

అగ్రిమెంట్ అంటే బ్యాటరీ అద్దెకి తీసుకుని ఉంటారు. రెనో అప్పట్లో జోయీని చాలాచోట్ల కారు సొంతం, బ్యాటరీ నెలవారీ అద్దె అనే పద్ధతిలో అమ్మింది. అలాంటి బండి కొంటే అద్దె మీ మెడకు చుట్టుకుంటుంది, మళ్లీ అమ్మాలన్నా కొనేవాళ్లు ఆ అగ్రిమెంట్‌కి ఒప్పుకోవాలి. బ్యాటరీ విడిపించినట్టు రాతపూర్వకంగా కాగితం చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇంకొకటి. 41 జోయీకి డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ అసలు లేదు. 2019లో వచ్చిన 52 బ్యాటరీ మోడల్‌లోనే, అదీ ఆప్షన్‌గా ఇచ్చారు. మీకు పెద్ద ఇబ్బంది కాదు, తెలిసి కొనడం వేరు.

ఫేజ్‌న్యూట్రల్:

సాకెట్ విషయం నేను చెప్తాను. రోజుకి 45 కిలోమీటర్లంటే చెడ్డరోజున 9 యూనిట్లు, నష్టం కలిపితే గోడ దగ్గర 10 దాటుతుంది. 230 వోల్టుల మీద 10 ఆంపియర్లంటే 2.3 కిలోవాట్లు, నాలుగున్నర, ఐదు గంటల్లో అయిపోతుంది. రాత్రికి చాలు. పోర్టబుల్ ఛార్జర్‌లో 16 ఆప్షన్ ఉన్నా 10 మీదే పెట్టండి. సాకెట్ మీద 16 అని రాసి ఉన్నది గీజర్ అరగంట వేసుకోవడానికి సరిపోతుంది, రోజూ ఐదు గంటలు ఏకబిగిన నిండా లాగడం దాని వల్ల కాదు.

పరీక్ష సులువు. లోడు లేనప్పుడు సాకెట్ వోల్టేజీ చూడండి, ఛార్జింగ్ పెట్టాక మళ్లీ చూడండి. 230 కాస్తా 215 అయిందనుకోండి, 15 వోల్టులు వైరింగ్‌లో ఎక్కడో పోతున్నాయి. 10 ఆంపియర్లతో గుణిస్తే 150 వాట్లు. టంకం పెట్టే ఇనుము కంటే ఎక్కువ వేడి మీ వైరింగ్‌లో, బహుశా ఎక్కడో వదులుగా ఉన్న స్క్రూ దగ్గరే, పుడుతోందన్నమాట. అరగంటయ్యాక ప్లగ్గు పట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి వెనక్కి తీసుకునేంత వేడైతే ఆపేసి సాకెట్ మార్పించండి. ప్లగ్గు పిన్నుల మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా అంతే. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పొరపాటున కూడా వాడొద్దు. మీటరు బోర్డు నుంచి ఈ సాకెట్‌కి విడిగా లైను లాగించగలిగితే మేలు, దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికో బ్రేకరు, కరెంటు లీకైతే కట్ చేసే ఆర్‌సీడీ.

జోయీ కొనేటట్టయితే ఎర్తింగ్ ముందు సరిచేయించండి. అది మోటారు చుట్లనే ఛార్జర్‌లో భాగంగా వాడుకునే బండి, ఎర్త్ విషయంలో మహా పేచీకోరు. వేరే కార్లు కిమ్మనకుండా ఛార్జయ్యే సాకెట్ దగ్గర ఇది ఒప్పుకోదు. పైగా 10 ఆంపియర్ల మీద దానికి నష్టం ఎక్కువ. పెద్ద ఛార్జర్ పెట్టించనంటున్నారు కాబట్టి మీ సాకెట్‌కి లీఫే సరైన జోడీ.

నిదానమే_నయం:

24 ఓడిపోయింది, ఒప్పుకున్నాను. 40 లీఫ్ దగ్గరికి వెళ్లేటప్పుడు వారంటీ తేదీ కూడా చూడండి. ఆ మోడల్‌కి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. గీతలు 9 కంటే తగ్గితేనే క్లెయిమ్. లెక్క మొదటిసారి అమ్మిన తేదీ నుంచి, తయారీ సంవత్సరం నుంచి కాదు. 11 గీతల బండి ఆ గడువులోపు 8కి పడదు కాబట్టి దాన్ని చూపించి ఎక్కువ ధర అడిగితే ఇవ్వొద్దు.

లిస్టులో లేదు గాని, షెవర్లే బోల్ట్ దొరికితే ఛాసిస్ నంబరు మీద రీకాల్ వివరాలు చూడండి. 2021లో, 2017 నుంచి 2022 దాకా మోడల్ సంవత్సరాల బండ్లన్నిటినీ బ్యాటరీలోని సెల్ లోపాల వల్ల నిప్పంటుకునే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచారు. చాలావాటికి బ్యాటరీయే కొత్తది వేశారు, కొన్నింటికి సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టారు. పాత బండిలో కొత్త బ్యాటరీ ఉన్న కాగితం చూపిస్తే అది మంచి బేరం.

పానాసెట్టు:

వెళ్లేరోజు మల్టీమీటరు జేబులో పెట్టుకోండి. ఈవీ కదలకుండా మొరాయించే సందర్భాల్లో చాలావాటికి కారణం పెద్ద బ్యాటరీ కాదు, బానెట్ కింద ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండిలో 12.5 దగ్గర ఉండాలి, 12.2 కంటే దిగితే మార్చే వేళైంది. బండి రెడీలో పెట్టగానే 13 దాటి 14 వైపు వెళ్లాలి, వెళ్లకపోతే పెద్ద బ్యాటరీ నుంచి దీన్ని ఛార్జ్ చేసే డీసీ కన్వర్టర్ సమస్య. ఈ బ్యాటరీ నీరసించినప్పుడు డ్యాష్‌లో సంబంధం లేని వార్నింగులన్నీ దీపావళిలా వెలుగుతాయి. అమ్మేవాళ్లు భయపడి ధర తగ్గించే బండి ఒక్కోసారి ఇలాంటిదే అయి ఉంటుంది. ఇంటికొచ్చాక డాంగిల్‌ని పోర్టులో వదిలేయకండి, అది కూడా ఈ బ్యాటరీనే తాగుతుంది.

చైల్డ్ సీట్లు రెండూ కూడా తీసుకెళ్లి బిగించి చూడండి. చైల్డ్ సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నా, వెనక్కి తిరిగి ఉండే సీటు పెట్టాక ముందు సీటు డ్రైవరుకి సరిపోయేంత వెనక్కి రాకపోవచ్చు. డబ్బు ఇచ్చే ముందు ఛార్జింగ్ కేబుల్, రెండో తాళం, స్పేర్ టైరు బదులు ఇచ్చే పంక్చర్ కిట్ డిక్కీలో ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. పాత యజమాని ఫోన్ యాప్ నుంచి బండిని తీసేయించండి, మీ ముందే. లేకపోతే మీ బండి వాళ్ల ఫోన్‌తో ముడిపడే ఉండిపోతుంది.